ఆలోయిస్ ఆల్జైమర్

జర్మనీ దేశమున బవేరియా ప్రాంతమునందు మైను నది యొడ్డున మార్క్ట్‌బ్రైట్ అను చిన్న పట్టణము కలదు. 1864వ సంవత్సరము జూన్ 14వ తేదీన ఆలోయిస్ ఆల్జైమర్ ఆ పట్టణమున జన్మించెను. తండ్రి ఎడ్వర్డు దస్తావేజులను ధ్రువపఱచు నోటరీ ఉద్యోగి. అతని మొదటి భార్య ప్రసవానంతరము కలిగిన జ్వరముచే మరణింపగా ఆమె సోదరినే అతడు వివాహమాడెను. ఆ రెండవ వివాహమున కలిగిన తొలి బిడ్డయే ఆలోయిస్.

ఆషాఫెన్‌బుర్గ్ పట్టణపు పాఠశాలలో చదువుకొను దినములనుండియు ఆ బాలునకు ప్రకృతి శాస్త్రములందు మక్కువ మెండు. 1883లో వైద్యవిద్య నారంభించి బెర్లిను, వుర్ట్స్‌బుర్గ్, ట్యూబింగెను విశ్వవిద్యాలయములందు అభ్యసించెను. వుర్ట్స్‌బుర్గ్‌లో కత్తిసాము సంఘమున చేరి ఎడమ చెంపపై పెద్ద గాయము తగిలించుకొనెను. ఆ కాలపు జర్మను విద్యార్థులు అట్టి మచ్చలను పౌరుష చిహ్నములుగా ఎంచెడివారు. ఆల్జైమర్ మాత్రము పెద్దవాడైన పిదప ఛాయాచిత్రము తీయించుకొనునపుడెల్ల కుడి చెంపయే కనబడునట్లు కూర్చుండెడివాడు. 1887లో చెవియందు గుబిలి నూరించు గ్రంథులను గూర్చి వ్యాసము వ్రాసి వైద్యపట్టమును పొందెను. అంత చిన్న విషయమును ఎన్నుకొన్నాడని ఎవరైన నవ్వవచ్చును. కాని సూక్ష్మదర్శినిలో ఒక వస్తువును గంటలకొలది ఓర్పుతో చూచుట ఆయనకు అలవడినది ఆ పనివలననే.

పట్టము పుచ్చుకొన్న పిదప మతి చలించిన ఒక స్త్రీకి తోడుగా ఐదు మాసములు దేశసంచారము చేసెను. 1888 డిసెంబరులో ఫ్రాంక్‌ఫర్టు నగరపు ఉన్మాద వైద్యశాలలో సహాయ వైద్యుడుగా కుదురుకొనెను. ఆ వైద్యశాలకు ఒక చరిత్ర కలదు. దానిని నిర్మింపజేసిన వాడు హైన్‌రిఖ్ హాఫ్‌మన్ అను వైద్యుడు. గోళ్లు తీయించుకొనక, తల దువ్వించుకొనక తిరుగు పిల్లవాని కథను బొమ్మలతో వ్రాసి ఐరోపా ఖండమందలి పిల్లలకెల్ల పరిచితుడైనవాడు కూడ అతడే. కోటవలె నున్న ఆ కట్టడమును నగరవాసులు పిచ్చివారి కోట యని పిలిచెడివారు. ఆల్జైమర్ చేరునాటికి హాఫ్‌మన్ విరమించెను. ఎమీల్ సియోలీ అధ్యక్షుడై యుండెను.

అప్పటి ఉన్మాద వైద్యశాలలు అనేకములు చెఱసాలలనే పోలియుండెను. అల్లరి చేయు రోగిని బిగువు దుస్తులతో చేతులు కట్టివైచుట, గదిలో ఒంటరిగా మూసివేయుట సామాన్యముగా జరుగుచుండెడిది. సియోలీయు ఆల్జైమరును ఆ కట్లను తొలగించిరి. రోగులను విశాలమైన గదులలో పడుకొనబెట్టి వైద్యుల కనుసన్నలలో ఉంచిరి. మిక్కిలి కలత చెందినవారిని గోరువెచ్చని నీటి తొట్టెలలో గంటల తరబడి ఉంచి శాంతపఱచిరి. చేతులు కట్టినచో రోగి కదలడు, మాటాడడు. కదలని, మాటాడని రోగినుండి వైద్యుడు నేర్చుకొనునది ఏమియు లేదు. కావున ఆ మార్పు రోగులకు ఎంత మేలైనదో శాస్త్రమునకును అంత మేలైనది.

ఉన్మాదమునకు మూలమేమి అను ప్రశ్నపై ఆ శతాబ్దమంతయు వాదము నడిచెను. అది నడవడిలోని దోషమువలనను, సంకల్పబలము లేమివలనను కలుగునని కొందఱు తలచిరి. కాదు, అది మెదడునకు కలిగిన వ్యాధియే యని గ్రీజింగరు మొదలగువారు 1845 నుండియు చెప్పుచుండిరి. కాని చెప్పుట వేఱు, చూపుట వేఱు. మరణించిన రోగి తల తెఱచి చూచినపుడు కంటికి అగపడునది స్వల్పము. మెదడు కోట్లకొలది నాడీకణముల సముదాయము. పలుచగా కోసి అద్దపు పలకపై నుంచినను రంగు లేనిచో ఆ కణములు ఒకదానినుండి ఒకటి వేఱుగా తోపవు. ఈ కష్టమును తొలగించినవాడు ఫ్రాంట్స్ నిస్సల్. విద్యార్థిదశలోనే అతడు కొన్ని రసాయన వర్ణములతో నాడీకణములకు రంగు పట్టించు విధానమును కనిపెట్టెను. 1889లో నిస్సల్ ఫ్రాంక్‌ఫర్టు వైద్యశాలకే వచ్చి చేరుట ఆల్జైమర్ చేసికొన్న పుణ్యమనియే చెప్పవలెను. పగలెల్ల ఇరువురును రోగుల మంచములచుట్టు తిరిగెడివారు. రాత్రులు సూక్ష్మదర్శినుల ముందు కూర్చుండెడివారు. బ్రతికియున్నపుడు రోగి యెట్లు ప్రవర్తించెను, మరణించిన పిదప అతని మెదడు ఎట్లుండెను అను రెండు ప్రశ్నలకు ముడిపెట్టి ఒకే సమాధానమును వెదకుట వారి పూనిక.

1894లో ఆల్జైమర్ సెసీలీ అను వితంతువును వివాహమాడెను. ఆమె మొదటి భర్త ధనవంతుడు. ఈ దంపతులకు ముగ్గురు బిడ్డలు కలిగిరి. ఏడేండ్లు గడువకమునుపే, 1901 ఫిబ్రవరిలో, సెసీలీ మరణించెను. తల్లిలేని పసివాండ్రను పెంచుటకు ఆల్జైమర్ సోదరి వచ్చి ఆ ఇంట నిలిచెను. ఆయన దుఃఖమును మ్రింగుకొని వైద్యశాలలోనే ఎక్కువ కాలము గడుపనారంభించెను.

ఆ సంవత్సరము నవంబరు 25వ తేదీన ఒక రైల్వే గుమాస్తా తన భార్యను ఆ వైద్యశాలకు తీసికొనివచ్చెను. ఆమె పేరు ఔగుస్టె. వయస్సు 51 సంవత్సరములు. భర్త చెప్పిన వృత్తాంతము ఇది. ఆమె పనిపాటలయందు నేర్పు గల గృహిణి. కాపురము ఏండ్లకొలది పొరపొచ్చెములు లేక సాగెను. ఆ యేటి వసంతకాలమున అకస్మాత్తుగా ఆమె భర్తను అనుమానింపసాగెను. పొరుగింటి స్త్రీతో అతనికి సంబంధము కలదని నిందించెను. పిదప వంటలో పొరపాట్లు మొదలయ్యెను. వస్తువులను ఎక్కడనో దాచి, దాచినచోటు మఱచెడిది. ఇంటికి వచ్చిపోవు బండివాడు తనకు కీడు తలపెట్టెనని వణకెడిది. పనిలేక గదులన్నియు తిరిగెడిది. ఇరుగుపొరుగువారి తలుపుల గంటలు మ్రోగించెడిది.

ఇట్టి ప్రవర్తనమును చూచి చుట్టుపట్లవారు ఏమనుకొందురో ఊహించుట కష్టము కాదు. గయ్యాళి యందురు, ఓర్వలేనితన మందురు, భర్తయే ఏదో తప్పు చేసియుండునని గుసగుసలాడుదురు. మఱపును వ్యాధియని ఒప్పుకొన్నను, అనుమానమును, అసూయను, భయమును మాత్రము మనిషి గుణములుగానే లోకము ఎంచును. ఆల్జైమర్ అట్లు ఎంచలేదు. మఱపుతోపాటు అనుమానమును, వస్తువులు దాచుటను, తిరుగుటను అన్నిటిని లక్షణములుగానే వ్రాసికొనెను.

మఱునాడు ఆయన ఆమె మంచముచెంత కూర్చుండి పరీక్ష నారంభించెను. ఆమె దిక్కుతోచని ముఖముతో కూర్చుండియుండెను. పేరేమని అడుగగా ఔగుస్టె యనెను. ఇంటిపేరు అడిగినను ఔగుస్టె యనియే చెప్పెను. భర్త పేరడుగగా కొంత తడబడి, అదియు ఔగుస్టె యే అయియుండు నన్నట్లు బదులు చెప్పెను. మధ్యాహ్న భోజనమున కాలీఫ్లవరు కూరతో పందిమాంసము తినుచుండగా ఏమి తినుచున్నావని అడిగిరి, పాలకూర యనెను. పెన్సిలు, కలము, డబ్బుసంచి, తాళపుచెవి, చుట్ట వీనిని ఒక్కొక్కటిగా చూపగా అన్నిటి పేర్లను తప్పు లేక చెప్పెను. కొంత సేపటికి ఏమేమి చూపితిమని అడుగగా ఆమెకు జ్ఞాపకము లేదు. వస్తువును గుర్తించుశక్తి నిలిచియున్నది. కొత్తగా చూచినదానిని నిలుపుకొను శక్తి పోయినది. ఈ భేదమును అంత స్పష్టముగా చూపు ప్రశ్నలను వేయుటలోనే వైద్యుని నేర్పు ఉన్నది.

వ్రాయుమన్నపుడు ఆమె స్థితి మఱింత తెలిసెను. శ్రీమతి ఔగుస్టె యని వ్రాయుమనగా శ్రీమతి యను మాట వ్రాసి ఆగిపోయెను, తక్కినది మఱచెను. ఒక్కొక్క మాటను మరల మరల చెప్పవలసి వచ్చెను. ఈ పరీక్షలలో ఒకప్పుడు ఆమె తన్ను తాను పోగొట్టుకొన్నట్లు చెప్పెను. ఆల్జైమర్ ఆ మాటను కూడ వ్రాసికొనెను. ఆయన వ్రాసిన ప్రశ్నోత్తరములలో వైద్యుని వ్యాఖ్య తక్కువ, రోగి మాట ఎక్కువ.

1903లో ఆల్జైమర్ ఫ్రాంక్‌ఫర్టు విడిచి హైడెల్‌బర్గునకు, పిదప ఆ సంవత్సరమే మ్యూనిక్‌నకు పోయెను. మానసిక వ్యాధులను వాని క్రమమునుబట్టి వర్గీకరించిన ఎమీల్ క్రేపెలిన్ ఆయనను పిలిచెను. మ్యూనిక్ వైద్యశాలలో మెదడు పరిశోధనశాలకు ఆల్జైమర్ అధిపతి అయ్యెను. కొంతకాలము జీతము లేకయే పనిచేసెను. భార్య విడిచిన ధనము ఆయన కుటుంబమును పోషించెను. సెసీలీ జీవించియున్నచో ఆ పనికి సమ్మతించి యుండెడిదని తలచుట న్యాయము.

ఆ పరిశోధనశాలకు నానా దేశములనుండి యువవైద్యులు వచ్చిరి. ఇటలీ నుండి పెరుసీనీ, బొన్‌ఫీలియో, చెర్లెట్టీ. లైబీరియాలో పుట్టి అమెరికాలో వైద్యము నేర్చిన సాలమన్ కార్టర్ ఫుల్లర్. జర్మనీ వారైన క్రూట్స్‌ఫెల్ట్, యాకబ్, లెవీ మొదలగువారు ఆయన చెంత పనిచేసినవారే. వీరిలో కొందఱి పేర్లు నేటికిని మెదడు వ్యాధులకు పేర్లుగా నిలిచియున్నవి. ఆల్జైమర్ వేదికపై ఉపన్యసించుటలో దిట్ట కాడు. ఒక్కొక్క శిష్యుని ప్రక్కన కూర్చుండి, సూక్ష్మదర్శినిలో తాను చూచి, అతనిచే చూపించి, ఏది ముఖ్యమో ఓర్పుతో వివరించుట ఆయన పద్ధతి. ఆయన నోట ఎల్లప్పుడును చుట్ట ఉండెడిది. శిష్యుని చోట కూర్చుండగానే దానిని బల్లపై పెట్టి, మాటలలో మఱచి, తరువాతి శిష్యునియొద్ద వేఱొకటి వెలిగించెడివాడట. సాయంకాలమునకు ప్రతి సూక్ష్మదర్శిని ప్రక్కను ఒక చుట్ట పీక మిగిలియుండెడిదని శిష్యులు చెప్పుకొనెడివారు. ఈ అలవాటు అనుకరింపదగినది కాదు. ప్రతి శిష్యునియొద్ద కూర్చుండుట మాత్రము ఉపాధ్యాయులెల్లరును గమనింపదగినది.

దూరముననున్నను ఆయన ఔగుస్టెను మఱవలేదు. ఆమె స్థితిని గూర్చి ఫ్రాంక్‌ఫర్టునుండి వార్తలు తెప్పించుకొనుచుండెను. ఆమె క్రమముగా మాటను కోల్పోయి, మోకాళ్లు ముడుచుకొని మంచము పట్టెను. మంచపు పుండ్లు చీము పట్టి 1906 ఏప్రిల్ 8వ తేదీన మరణించెను. సియోలీ ఆమె వ్యాధివృత్తాంత పత్రములను, మెదడును మ్యూనిక్‌నకు పంపించెను.

ఆ మెదడు సమానముగా కృశించియుండెను. పైపొర పలుచబడియుండెను. బెర్లినునందలి బీల్‌షోవ్‌స్కీ కొద్ది ఏండ్లకు ముందు కనిపెట్టిన వెండి లవణపు విధానముతో ఆల్జైమర్ ఆ ముక్కలకు రంగు పట్టించి చూచెను. నాడీకణములలో సన్నని తంతువులు ఉండుట సహజము. ఇక్కడ ఆ తంతువులు దళసరియై, ఒకదానితో నొకటి పెనవేసికొని, చిక్కుపడిన దారపుండలవలె ఉండెను. కొన్నిచోట్ల కణము పూర్తిగా నశించి, అది యుండినచోటున చిక్కు మాత్రమే మిగిలెను. పైపొరలోని నాడీకణములలో నాలుగింట ఒక పాలు మొదలు మూడింట ఒక పాలు వరకు ఇట్లు మాఱియుండెను. కణముల నడుమ పొరయంతట ఏదో వింత పదార్థము చిన్న చిన్న ముద్దలుగా పేరుకొని యుండెను. చిఱుధాన్యపు గింజలతో పోల్చు లాటిను పదముతో ఆయన వానిని వర్ణించెను.

అట్టి ముద్దలను అంతకుముందును కొందఱు చూచియుండిరి. పారిసులో బ్లాక్, మారినెస్కో అనువారు 1892లోనే మూర్ఛరోగి మెదడునందు వానిని కనుగొనిరి. దారపుండల వంటి చిక్కులను స్పష్టముగా వర్ణించినది ఆల్జైమరే. అంతకంటెను ముఖ్యమైన దొకటి కలదు. నాలుగేండ్లకుపైగా మంచముచెంత గమనింపబడిన రోగి ప్రవర్తనమును, ఆ రోగి మెదడులోని మార్పులను ఒకే వృత్తాంతముగా ఆయన చేర్చి చూపెను. పొరుగింటిదానిపై ఆమెకు కలిగిన అసూయకును, పోగొట్టుకొన్న ఇంటిపేరునకును ఒకే వ్యాధి మూలమని చూపుటకు సాక్ష్యము దొరకెను.

1906 నవంబరులో ట్యూబింగెను నగరమున నైరుతి జర్మనీ మనోవైద్యుల సభ జరిగెను. ఆల్జైమర్ తాను కూర్చిన చిత్రములతో ఔగుస్టె వ్యాధిని సభవారికి వివరించెను. ఉపన్యాసము ముగిసినది. సభాధ్యక్షుడు ప్రశ్నలకు అవకాశ మిచ్చెను. ఒక్కరును నోరు విప్పలేదు. సభ తరువాతి విషయమునకు పోయెను. మఱుసటి సంవత్సరము ఆ ఉపన్యాసము రెండు మూడు పుటల వ్యాసముగా ఒక వైద్యపత్రికలో వెలువడెను. ఆ సంవత్సరమే ప్రాగ్ నగరమున ఆస్కర్ ఫిషర్ అను వైద్యుడు వార్ధక్యమున మతి తప్పిన 16 మంది మెదడులను పరీక్షించి, 12 మందిలో ఆ ముద్దలను కనుగొని ప్రకటించెను. ఆ కీర్తిలో ఫిషరునకు న్యాయముగా రావలసిన పాలు చిరకాలము రాలేదు. యూదుడగుటచే నాజీలు ఆయనను చెఱ పట్టగా 1942లో టెరెజిన్‌లో మరణించెను.

వ్యాధికి ఆల్జైమర్ పేరు పెట్టినది ఆల్జైమర్ కాదు. 1910లో క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథపు ఎనిమిదవ ముద్రణమున ఆ పేరును వాడెను. ఇంత త్వరగా పేరు పెట్టుటకు అన్య విశ్వవిద్యాలయములతోడి పోటీయే కారణమని తలచువారును కలరు. ఆల్జైమర్ మనస్సు అంత నిశ్చయముగా లేదు. 1907లో మ్యూనిక్ వైద్యశాలకు వచ్చి 1910లో మరణించిన 56 ఏండ్ల కూలివాని మెదడును ఆయన పరీక్షించెను. ముద్దలు అసంఖ్యాకములుగా ఉండెను. చిక్కులు మాత్రము కనబడలేదు. 1911లో వ్రాసిన దీర్ఘవ్యాసమున ఆ సంగతిని దాచక వ్రాసెను. ఇది కొత్త వ్యాధియా, లేక ముసలితనమున కలుగు మతిభ్రంశమే ముందుగా వచ్చినదా అని ప్రశ్నించుకొని, రెండవ పక్షమువైపే మ్రొగ్గెను. తన పేరుతో వెలసిన వ్యాధిని తానే శంకించుటకు ఎంత సత్యనిష్ఠ కావలెనో!

1912లో బ్రెస్లౌ విశ్వవిద్యాలయమున ఆచార్య పదవి లభించెను. ఆ నగరము నేడు పోలండు దేశమున వ్రోట్స్వాఫ్ అను పేర నున్నది. ఎంతో కాలముగా ఎదురుచూచిన గౌరవమది. కాని అక్కడికి పోవు రైలుప్రయాణముననే ఆయనకు జబ్బు చేసెను. గొంతునొప్పితో మొదలైన ఆ వ్యాధి గుండెకును, మూత్రపిండములకును ప్రాకెను. మూడేండ్లు జబ్బుతోనే బోధించెను, రోగులను చూచెను. ప్రపంచ యుద్ధము నడుచుచుండగా 1915 డిసెంబరు 19న మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 51 సంవత్సరములు. ఫ్రాంక్‌ఫర్టు శ్మశానవాటికయందు సెసీలీ సమాధి ప్రక్కన ఆయనను పూడ్చిపెట్టిరి.

తరువాత సుమారు ఏబది ఏండ్లు ఆ వ్యాధి మధ్యవయస్కులకు అరుదుగా వచ్చునదిగానే పుస్తకములలో ఉండెను. వృద్ధుల మఱపు వయస్సుతో వచ్చు సహజస్థితి యని అందఱును తలచిరి. 1968లో ఇంగ్లండునందలి న్యూకాసిల్ వైద్యులు వృద్ధులను జీవించియున్నపుడు పరీక్షించి, మరణానంతరము వారి మెదడులలోని ముద్దలను లెక్కించిరి. మతిభ్రంశము హెచ్చిన కొలది ముద్దలును హెచ్చుట కనుగొనిరి. ఆల్జైమర్ మ్రొగ్గిన పక్షమే ఆ విధముగా నిలిచెను: ముందు వచ్చినను, వెనుక వచ్చినను వ్యాధి ఒకటే. 1984లో అమెరికాయందు గ్లెన్నర్, వాంగ్ అను శాస్త్రజ్ఞులు ఆ వింత పదార్థమునకు సంబంధించిన ప్రోటీనును వేఱుచేసి గుర్తించిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021లో 5 కోట్ల 70 లక్షల మంది మతిభ్రంశముతో బాధపడుచుండిరి. వారిలో నూటికి 60 మొదలు 70 మందికి ఆల్జైమర్ వ్యాధియే కారణము. దానిని కుదుర్చు మందు ఇంకను లేదు. వ్యాధి వేగమును కొంత తగ్గించు మందులు మాత్రము ఇటీవల వచ్చినవి.

ఔగుస్టె పత్రములు ఏమైనవో చాలకాలము ఎవరికిని తెలియలేదు. రెండు మహాయుద్ధములు గడచెను. అనేక వైద్యశాలలు నేలకూలెను. 1995 డిసెంబరులో ఫ్రాంక్‌ఫర్టు విశ్వవిద్యాలయ వైద్యశాల నేలమాళిగలో పాత దస్తరములను వెదకుచుండగా, కోన్‌రాడ్ మౌరర్ మొదలగు వైద్యులకు నీలిరంగు అట్టలో కట్టిన ఒక దస్తరము దొరకెను. లోపల ఔగుస్టె ఛాయాచిత్రము ఉండెను. ఆల్జైమర్ చేవ్రాతతో ఆనాటి ప్రశ్నలును, సమాధానములును ఉండెను. వానితోపాటు ఒక కాగితపు ముక్కపై తన పేరు వ్రాయుటకు ఆమె పెన్సిలుతో చేసిన ప్రయత్నమును ఉండెను. దానిప్రక్కన ఆల్జైమర్, మఱపువలన కలిగిన వ్రాతదోషమని వ్రాసి తేదీ వేసియుంచెను.